కారు సరే, ప్లగ్గు ఎక్కడ?

ఆదివారం ఆరాధన ముగిశాక మందిరం ఆవరణలో కాసేపు నిలబడితే ఆకుపచ్చ నంబరు ప్లేట్లు అక్కడక్కడా కనిపిస్తున్నాయి. ఐదారేళ్ల కిందట ఒక్కటి కనిపించినా వింతగా చూసేవాళ్లం. ఇప్పుడు కొత్త కరెంటు కారు వచ్చిందంటే నలుగురు చుట్టూ చేరతారు, మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "ఫుల్ ఛార్జికి ఎంత దూరం వస్తుందండీ?" ఆ ప్రశ్నకు జవాబు కంపెనీ కాగితం మీద ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉందని మా అభిప్రాయం. "ఎక్కడ ఛార్జింగ్ పెడుతున్నారు?" ఆ కారు ఇంటికి లాభమా భారమా అన్నది తేల్చేది ఈ రెండో ప్రశ్నే. దీనికి జవాబు చాలాసార్లు కంపెనీ చేతిలోనో ప్రభుత్వం చేతిలోనో కాక, మనలాంటి వాళ్లం కూర్చునే కమిటీల చేతిలో ఉంటోంది.

ప్రభుత్వాల వైపు నుంచి ప్రోత్సాహానికి లోటు లేదు. విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 2019 ఆగస్టు నుంచి 5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన విధానంతో రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము 2026 డిసెంబరు 31 వరకు పూర్తిగా మాఫీ అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ కూడా 2024-29 కాలానికి తన విధానం ప్రకటించింది. కొనడం వరకు దారి సులువు చేశారు. కొన్నాక మొదలయ్యే లెక్క ఇంకొకటి ఉంది, షోరూములో దాన్ని ఎవరూ విడమర్చి చెప్పరు.

ఆ లెక్క ఒకసారి వేసి చూద్దాం. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబం అనుకోండి. మన రోడ్ల మీద, ఏసీ వేసుకుని, యూనిట్‌కు ఆరు ఏడు కిలోమీటర్లు వస్తుంది. ఛార్జింగ్‌లో కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది కాబట్టి మీటరు మీద సుమారు 170 యూనిట్లు తిరుగుతాయి. ఇంట్లో అప్పటికే 250 యూనిట్లు వాడుతుంటే కారు యూనిట్లన్నీ పై స్లాబుల్లో పడతాయి. రెండు రాష్ట్రాల్లోనూ 400 యూనిట్లు దాటితే యూనిట్ ధర తొమ్మిదిన్నర రూపాయలు, ఆ పైన. "కరెంటు చవక కదా" అనుకుని కొన్నవాళ్లు మొదటి నెల బిల్లు చూసి ఉలిక్కిపడేది ఇక్కడే. అయినా కారు వాటా 1,600 రూపాయల దగ్గర ఆగుతుంది. అదే దూరానికి లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారుకు ఏడు వేలు దాటుతుంది. బిల్లు పెరిగినా ఇంటి ఛార్జింగ్ లాభమే.

ఇక అదే కారు, అదే దూరం, ఇంట్లో ప్లగ్గు లేని కుటుంబం. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 20 రూపాయలనుకుంటే, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 23 రూపాయలు దాటుతుంది. ఇంటి కరెంటు బిల్లు మీద జీఎస్టీ లేదు, బయట ఛార్జింగ్‌ను సేవగా లెక్కిస్తారు కాబట్టి ఉంది. నెలకు నాలుగు వేలకు దగ్గరగా తేలుతుంది. నెలలో నాలుగైదు సార్లు స్టేషను దగ్గర గంటసేపు కూర్చునే సమయం అదనం.

సొంత ఇల్లు, సొంత మీటరు, సొంత పార్కింగు ఉన్నవారికి 1,600. అద్దెకుండేవారికి, వీధిలో బండి ఆపుకునేవారికి నాలుగు వేలు. కలిగినవారికి చవక, లేనివారికి ఖరీదు. మన సంఘాల్లో క్యాబులు నడుపుకుని బతికే సహోదరులు ఎందరో ఉన్నారు. రోజుకు 150, 200 కిలోమీటర్లు తిరిగే ఆ బండికి కరెంటు మారడం వల్ల అందరికంటే ఎక్కువ లాభం రావాలి. కానీ ఆ డ్రైవరు ఉండేది ఒక గది, వంటిల్లు ఉన్న వాటాలో. బండి ఆగేది మలుపులో వేపచెట్టు కింద. మూడో అంతస్తు కిటికీలోంచి వైరు కిందికి వేలాడదీసి ఛార్జింగ్ పెట్టుకునే పరిస్థితి మేము కళ్లారా చూశాం. అది ఎంత ప్రమాదమో అతనికీ తెలుసు.

అపార్టుమెంట్లలో ఉన్నవారి కష్టం ఇంకో రకం. పార్కింగు ఉంటుంది, పక్కన గోడా ఉంటుంది, అసోసియేషన్ మాత్రం ఒప్పుకోదు. ఈ విషయమై మాతో మాట్లాడినవారు చెప్పిన మాటలు దాదాపు ఒకేలా ఉన్నాయి. "ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు." "కామన్ మీటరు మీద మీ కారుకు మేమెందుకు కట్టాలి?" "ట్రాన్స్‌ఫార్మర్ ఆగదు." చివరగా గొంతు తగ్గించి, "అంటుకుంటే?"

ఈ చివరి భయాన్ని తేలిగ్గా తీసిపారేయడం మాకు ఇష్టం లేదు. 2022లో మన మధ్యనే జరిగినవి మరచిపోలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాద్ జిల్లాలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో సెల్లార్‌లోని ఈ-బైక్ షోరూములో మంటలు లేచి, పై అంతస్తుల లాడ్జిలో ఉన్న 8 మంది చనిపోయారు. ఆ కుటుంబాల దుఃఖం తెలిసిన ఊళ్లలో "భయపడకండి" అని ఊరికే చెబితే ఎవరు వింటారు? అయితే ఆ దుర్ఘటనల్లో ఒక్కటి గమనించాలి. మూడూ ద్విచక్ర వాహనాలకు సంబంధించినవి. రెండింటిలో బ్యాటరీ మనుషులు పడుకునే ఇంట్లో ఛార్జింగ్ అవుతోంది. ఆ తర్వాత కేంద్రం బ్యాటరీల భద్రతా ప్రమాణాలను కఠినం చేసింది, 2022 డిసెంబరు నుంచి, 2023 మార్చి ఆఖరు నుంచి రెండు దశల్లో అవి అమల్లోకి వచ్చాయి. అయినా స్కూటర్ బ్యాటరీని పడక గదిలో, మెట్ల కింద, గుమ్మానికి అడ్డంగా పెట్టి ఛార్జింగ్ చేయవద్దన్న మాట ఈనాటికీ చెప్పాల్సిందే. మంట వస్తే బయటికి వెళ్లే దారి అదే కదా.

కార్ల విషయంలో మనం ఎక్కువ భయపడాల్సింది బండికి కాదు, గోడలోని వైరుకు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్టు మీద గీజరు పావుగంట నడుస్తుంది, ఏసీ ఆగి ఆగి నడుస్తుంది. కారు అలా కాదు, రాత్రి తొమ్మిదింటికి పెడితే తెల్లవారే దాకా దాదాపు మూడు కిలోవాట్లు ఆపకుండా లాగుతుంది. పదేళ్ల కిందటి సన్నవైరు, వదులైన సాకెట్టు, పేరుకే ఉన్న ఎర్తింగు అంతసేపు ఆ బరువు మోయలేవు. పిన్ను నల్లబడటం, ప్లాస్టిక్ మెత్తబడటం మొదటి గుర్తులు. ఎక్స్‌టెన్షన్ బాక్సు అయితే అసలే వద్దు. మీటరు నుంచి నేరుగా కారు కోసమే వేసిన తగిన మందం గల రాగి వైరు, దానికి విడిగా ఎంసీబీ, షాకు కొట్టకముందే ఆపేసే ఆర్‌సీసీబీ, కొలిచి చూసిన ఎర్తింగు. ఇవి ఉంటే చాలు. కంపెనీవాళ్లు గోడకు బిగించే 7 కిలోవాట్ల ఛార్జరు కావాలంటే మాత్రం ఇంటికి మంజూరైన లోడ్ పెంచుకోవాలి. రోజుకు 40, 50 కిలోమీటర్లు తిరిగేవారికి నిజానికి దాని అవసరం లేదు. రాత్రంతా 15 ఆంపియర్ల మీద పెడితే 100 కిలోమీటర్లకు పైగా సరిపడా ఎక్కుతుంది. ఈ మాట చెబితే ఛార్జరు అమ్మేవారికి నచ్చకపోవచ్చు.

అసోసియేషన్ల మిగతా అభ్యంతరాలకు జవాబు చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించింది. దాని ప్రకారం వాహనం ఛార్జింగ్ కోసమే విడిగా కనెక్షన్ తీసుకోవచ్చు. కొత్త కనెక్షన్‌కు గడువు మహానగరాల్లో 3 రోజులు, మున్సిపాలిటీల్లో 7 రోజులు, గ్రామాల్లో 15 రోజులకు తగ్గించారు. విడి మీటరు వస్తే ఎవరి బిల్లు వారిదే, కామన్ మీటరు గొడవ ఉండదు. కారు యూనిట్లు ఇంటి స్లాబులో కలవవు. లోడ్ చాలకపోతే ఆ మాట చెప్పవలసింది డిస్కమ్ ఇంజనీరు గాని, కార్యదర్శి కాదు. కొత్త భవనాలకైతే 2019లోనే కేంద్రం నమూనా నిబంధనల్లో పార్కింగులో 20 శాతానికి ఛార్జింగ్ వసతి ఉండాలని చేర్చింది. ఇప్పుడు ఫ్లాటు కొనేవారు టైల్స్ రంగుతో పాటు దీన్నీ బిల్డరును అడగాలి.

బయటి స్టేషన్ల సంగతికి వద్దాం. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో బహిరంగ ఛార్జింగ్‌కు 2,000 కోట్ల రూపాయలు కేటాయించి, 72 వేలకు పైగా ఛార్జర్లు పెట్టాలని నిర్ణయించారు. జాతీయ రహదారుల మీద రెండు వైపులా ప్రతి 20 కిలోమీటర్లకు ఒక స్టేషను ఉండాలన్నది 2024 మార్గదర్శకాల మాట. లెక్కకు బాగుంది. మేము ఒకసారి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ దారిలో ఒక హోటలు దగ్గర ఆగాం. రెండు గన్నుల్లో ఒకటి పనిచేయలేదు, రెండోదాని ముందు డీజిలు కారు ఆపి, దాని యజమాని భోజనానికి వెళ్లారు. ఆయన పెరుగన్నం పూర్తయ్యే దాకా మేమూ ఎదురుచూశాం. కోపం వచ్చిందన్న మాట దాచుకోవడం ఎందుకు? ఎన్ని పెట్టారన్న లెక్కతో పాటు, ఈ రోజు ఎన్ని పనిచేస్తున్నాయన్న లెక్క కూడా ప్రభుత్వం అడగాలి. సంక్రాంతికి టోల్‌గేట్ల దగ్గర కార్లు బారులు తీరే ఆ రోడ్డు మీద, వాటిలో పదోవంతు కరెంటు కార్లయినా ఛార్జర్ల దగ్గర ఏమవుతుందో ఊహించుకోవచ్చు. దూరప్రయాణం చేసేవారు బ్యాటరీ పది శాతానికి పడిపోయే దాకా ఆగకుండా 30 ఉండగానే చూసుకోవాలి. 80 దాటాక ఛార్జింగ్ ఎలాగూ నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడితో తీసేసి వెనకవారికి దారి ఇవ్వాలి. నూరు శాతం నింపుకుని కదులుతామని గన్ను పట్టుకు కూర్చోవడం పంక్తి భోజనంలో విస్తరి వదలకపోవడం లాంటిది.

ఇంకో ముఖ్యమైన మాట. రాత్రి మనం కారుకు పెట్టే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. రామగుండం, కొత్తగూడెం, సింహాద్రి కేంద్రాలు రాత్రంతా మండుతూనే ఉంటాయి. ఎండ కాసే పగటిపూట సౌర విద్యుత్తు దండిగా ఉంటుంది. అందుకే 2024 మార్గదర్శకాలు స్టేషన్లకిచ్చే కరెంటు ధరను ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు సగటు సరఫరా ఖర్చులో 0.7 వంతుగా, మిగతా వేళల్లో 1.3 వంతుగా ఉంచమన్నాయి. పగటిపూట బళ్లు ఎక్కడ ఆగుతాయో అక్కడ ప్లగ్గు ఉండాలన్నమాట. ఆఫీసుల్లో, బడుల్లో, ఆసుపత్రుల్లో.

మన మందిరాల్లో కూడా. మిషనరీల కాలం నుంచి మన పట్టణాల నడిబొడ్డున సంఘాలకు, వాటి బడులకు, ఆసుపత్రులకు విశాలమైన ఆవరణలున్నాయి. వారంలో ఆరు రోజులు అక్కడ చెట్ల నీడ తప్ప ఏమీ ఉండదు. వీధిలో బండి ఆపుకునే ఆ క్యాబు సహోదరుడు మధ్యాహ్నం రెండు గంటలు అక్కడ ఆపుకుంటే, న్యాయమైన ధరకు ఛార్జింగ్ దొరికితే, అతని నెల ఖర్చు తగ్గదా? ఛార్జింగ్ స్టేషను నడపడానికి లైసెన్సు అక్కరలేదని కేంద్రం 2018లోనే స్పష్టం చేసింది.

అయితే ఒక షరతు. మందిరం మీటరు మీద ఎవరి కారుకూ ఉచితంగా కరెంటు ఇవ్వకూడదు. పాతచీర కొంగులో ముడి విప్పి ఓ అవ్వ వేసిన కానుక, పదిహేను లక్షల కారు బ్యాటరీలోకి వెళ్లడం న్యాయం కాదు. విడి మీటరు, అందరికీ కనపడే రేటు బోర్డు, నెలనెలా సంఘం ముందు లెక్క. కాపరికి ప్రయాణ ఖర్చు ఇవ్వాలనుకుంటే అది ఆ పద్దు కిందే రాయాలి, ప్లగ్గు చాటున కాదు.

అపార్టుమెంటు అసోసియేషన్‌లో గాని, సంఘ కమిటీలో గాని ఉన్న పాఠకులకు ఒక మనవి. వచ్చే సమావేశంలో ఈ విషయం ఎవరో ఒకరు లేవనెత్తుతారు. వెళ్లేముందు కరెంటు బిల్లు తీసి అందులో మంజూరైన లోడ్ ఎంతో చూడండి. ఎండాకాలం రాత్రిళ్లు నిజంగా ఎంత వాడుతున్నారో ఎలక్ట్రీషియన్ చేత కొలిపించండి. ఆ రెండు అంకెలు కాగితం మీద రాసుకుని వెళ్లి, చర్చ అక్కడి నుంచి మొదలుపెట్టండి.