ఖలాసీకి దొరికే న్యాయం ఆటగాడికి దొరకదా?

సంపాదకునికి,

ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకు క్రమశిక్షణ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి బండెక్కి వచ్చి వర్క్‌షాపులో కుదురుకున్న కుటుంబాలివి. మథురాకాఠీలోనో నిమ్పురాలోనో ఏ అరుగు మీద కూర్చున్న ముసలమ్మనైనా అడగండి, ఛార్జ్‌షీటు అంటే ఏమిటో చెబుతుంది. మతసంస్థల కాలేజీలు ఆటగాళ్ల నడవడి మీద పెట్టే కఠిన నియమాలు మంచివా చెడ్డవా అనే వాదనలో ఈ ఊరికి మాట్లాడే అర్హత అక్కడినుంచే వచ్చింది.

ఈ వాదనకు పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. యూటా రాష్ట్రం ప్రోవోలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ మోర్మన్ చర్చిది. అక్కడ చేరే ప్రతి విద్యార్థీ 'హానర్ కోడ్' అనే ఒప్పందం మీద సంతకం చేయాలి. మద్యం, పొగాకు సరేసరి, కాఫీ కూడదు, టీ కూడదు. పెళ్లికి ముందు శారీరక సంబంధం కూడదు. మగవాళ్లు గడ్డం పెంచకూడదు, ఆ విద్యాలయానికి పేరిచ్చిన బ్రిగమ్ యంగ్ గారికి మాత్రం గడ్డం ఉండేది! ప్లాట్‌ఫారం మీద మట్టి భాఁడ్‌లో టీ పడితే గానీ పొద్దు మొదలవని ఈ ఊళ్లో అలాంటి కాలేజీ పెడితే ఫుట్‌బాల్ జట్టుకు పదకొండు మంది దొరకడం కష్టమే.

2011 మార్చి 1న ఆ యూనివర్సిటీ ఒక ప్రకటన చేసింది. బాస్కెట్‌బాల్ జట్టు అప్పుడు దేశంలో మూడో ర్యాంకులో ఉంది, 29 ఆటల్లో 27 గెలిచింది. అందులో కీలకమైన బ్రాండన్ డేవీస్‌ను హానర్ కోడ్ ఉల్లంఘించినందుకు మిగిలిన సీజన్ మొత్తానికి పక్కనపెట్టారు. మర్నాడే సొంత గడ్డ మీద న్యూ మెక్సికో చేతిలో 82-64తో ఓడిపోయారు. గెలుపు పోయినా మాట తప్పలేదని చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పు న్యాయమైనదే. ఆ యూనివర్సిటీ ఆదివారం ఆడదు కూడా, అది వచ్చే నష్టాన్ని సంస్థే మోసే నియమం. డేవీస్ తప్పు ఒప్పుకున్నాడు, తర్వాతి సీజన్‌లో మళ్లీ జట్టులోకి వచ్చాడు, ఆ తర్వాత ఎన్‌బీఏలోనూ ఆడాడు.

అయితే అదే తప్పు చేసిన మామూలు విద్యార్థి సంగతి ఆఫీసు గది దాటదు. డేవీస్‌ది దేశమంతా టీవీల్లో చర్చించింది, పందొమ్మిదేళ్ల కుర్రాడి ప్రేమ వ్యవహారం క్రీడా వార్త అయి కూర్చుంది. నియమం అందరికీ ఒకటే, శిక్ష మాత్రం ఎంత పేరుంటే అంత పెద్దది. సంతకం పెట్టాడు కదా అనేవాళ్లు ఈ సంగతి లెక్కలోకి తీసుకోరు.

మన దగ్గరి కఠినత్వం ఎలా ఉంటుందో చూద్దాం. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ మూడు నెలలపాటు పి.వి. సింధుకు ఫోన్ లేకుండా చేశారు. రియోకు వెళ్లాక ఐస్‌క్రీమూ, ఆమెకిష్టమైన తియ్యటి పెరుగూ కూడా ఆపించారు. 21 ఏళ్ల అమ్మాయికి అదేమీ చిన్న ఆంక్ష కాదు. కానీ అది ఆట కోసం పెట్టింది, రజతం రాగానే ఫోన్ తిరిగి ఇస్తానని ఆయనే అందరి ముందూ చెప్పారు. అదే గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాక కోలా ప్రకటన వద్దనుకున్నారు. అది ఆయన సొంత నియమం.

మన ఊరి కథే ఒకటుంది. 2001 నుంచి 2003 వరకు ఇక్కడ టికెట్ ఎగ్జామినర్‌గా పనిచేసిన మహేంద్రసింగ్ ధోనీ, స్నేహితులతో కలిసి తెల్ల దుప్పట్లు కప్పుకుని రాత్రిపూట రైల్వే కాలనీలో తిరిగి కాపలావాళ్లను దెయ్యాలని హడలగొట్టాడని చెప్పుకుంటారు. ప్రోవో లెక్కన చూస్తే ఆ చేష్టకు ఏ శిక్ష వేసేవారో! ఇక్కడ నవ్వుకుని వదిలేశారు.

నవ్వి వదిలేయలేనిది 2016లో బయటపడింది. తమపై అత్యాచారం జరిగిందని ఫిర్యాదు చేసిన బ్రిగమ్ యంగ్ విద్యార్థినులు, ఆ సమయంలో ఎక్కడున్నారు, ఏం తాగారు అంటూ తామే హానర్ కోడ్ విచారణలో ఇరుక్కున్నారు. సాల్ట్ లేక్ ట్రిబ్యూన్ పత్రిక ఈ సంగతులు తవ్వి తీసి 2017లో పులిట్జర్ బహుమతి అందుకుంది. ఫిర్యాదుదారులకు రక్షణ కల్పిస్తామని యూనివర్సిటీ 2016 అక్టోబరులో ఒప్పుకుంది. ఆ ఏడాదే టెక్సస్‌లోని బాప్టిస్టు విద్యాలయం బేలర్‌లో ఫుట్‌బాల్ ఆటగాళ్లపై వచ్చిన లైంగిక దాడి ఆరోపణలను ఏళ్లతరబడి సరిగా పట్టించుకోలేదని విచారణలో తేలింది. కోచ్‌ను తీసేశారు, అధ్యక్షుణ్ణి పదవి నుంచి దించారు. రెండు చోట్లా పవిత్రమైన నియమావళి ఉంది. ఒకచోట అది బాధితురాలి నోరు నొక్కింది, ఇంకోచోట ఆటగాణ్ణి కదపలేకపోయింది.

రైల్వే జట్లకు ఆడే ఉద్యోగికీ ప్రవర్తనా నియమాలున్నాయి, 1966 నాటివి. ఉద్యోగికి తగని పని చేయకూడదంటాయి. డ్యూటీలో మత్తులో ఉండకూడదంటాయి, తాగి నలుగురిలో కనబడకూడదంటాయి. ఇంట్లో తాగే టీ జోలికి మాత్రం రావు. వాటి వెనకే 1968 క్రమశిక్షణ, అప్పీలు నియమాలున్నాయి. పెద్ద శిక్ష వేయాలంటే ఆరోపణ కాగితం మీద ఉండాలి, జవాబుకు గడువివ్వాలి, విచారణ జరపాలి, పక్కన డిఫెన్స్ హెల్పర్‌ను కూర్చోబెట్టుకోనివ్వాలి. శిక్ష పడ్డాక 45 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఈ పద్ధతి గొప్పదనేం కాదు, నత్తనడకని తిట్టుకోని రైల్వే మనిషి లేడు. అయినా గ్రీజు మరకల చొక్కాతో నిలబడ్డ ఖలాసీకి కూడా తన మీద ఉన్న ఆరోపణేమిటో తెలుస్తుంది.

ఏ మతసంస్థ కాలేజీ అయినా తన విశ్వాసం ప్రకారం కఠిన నియమం పెట్టుకోవచ్చు. దానితోపాటు రైల్వే ఇచ్చేపాటి రక్షణ కూడా ఇవ్వమనే ఈ లేఖ. స్పోర్ట్స్ కోటా ఆశతో పిల్లల్ని ఆంధ్రలోనో ఒడిశాలోనో హాస్టల్ కాలేజీల్లో చేర్చే ఇక్కడి తల్లిదండ్రులు, ఫీజు ఎంతని అడిగేటప్పుడే మరో మూడు ప్రశ్నలు కూడా అడగాలి. నియమాలు చేరకముందే చేతికిస్తారా? అవే నియమాలు కోచ్‌కూ వార్డెన్‌కూ వర్తిస్తాయా? మా అమ్మాయి ఫిర్యాదు చేస్తే మొదట ఎవరిని విచారిస్తారు?

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖరగ్‌పూర్