"బాగానే ఉన్నానండి" అన్న మాట సాక్ష్యం కాదు



సదరం క్యాంపుకు వెళ్ళే రోజున మన పేషెంట్లు ఏం చేస్తారో మీరెప్పుడైనా గమనించారా? తెల్లవారుజామునే లేచి, ఇంట్లోవాళ్ళ చేత స్నానం చేయించుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుంటారు. డాక్టరుగారి ముందుకు మాసిన బట్టలతో ఎలా వెళ్తామండీ అంటారు. అక్కడ ఆయన "ఎలా ఉన్నావమ్మా?" అని అడిగితే, "బాగానే ఉన్నానండి, మీ దయ" అంటారు. మనవాళ్ళకు అది మర్యాద. కాని ఆ మర్యాద మాటే కాగితం మీదికి ఎక్కితే, ఆ ఇంట్లో నెలనెలా వచ్చే డబ్బు ఆగిపోవచ్చు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుండి వికలాంగుల పింఛను నెలకు 3,000 నుండి 6,000 రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచం పట్టినవారికి 15,000 ఇస్తున్నారు. ఆ తరువాత 2025 జనవరిలో ఈ పింఛన్ల పునఃపరిశీలన మొదలైంది. మంచం మీద ఉన్నవారి ఇళ్ళకు డాక్టర్ల బృందాలు వెళ్ళాయి. మిగతావారిని ఆసుపత్రులకు పిలిచారు. 40 శాతం కంటే తక్కువ అని తేలినవారికి ఆగస్టులో నోటీసులు అందాయి. అప్పీలు చేసుకునే అవకాశం కూడా ఇచ్చారు. ఆ రోజుల్లో మన ఓ.పి. వరండాలో నోటీసు చేతబట్టుకుని కూర్చున్నవారిని చాలామందిని చూశాము.

పరిశీలనే వద్దని మేము అనము. దొంగ సర్టిఫికెట్లు ఉన్న మాట నిజం. అర్హత లేనివాడు తీసుకునే ప్రతి రూపాయీ అర్హుడి మీద అనుమానం తెస్తుంది. అయితే కొద్ది నిమిషాల్లో, ఒక్క రోజు చూపుతో ఒక మనిషి శక్తిని కొలవాలంటే ఎంత మంచి డాక్టరుకైనా కష్టమే. అక్కడ కూర్చున్న డాక్టరుకు ఆ పేషెంటు కొత్త. ఏళ్ళ తరబడి వైద్యం చేసిన డాక్టరుకు, కట్లు కట్టిన నర్సుకు తెలిసిన సంగతులు ఆయన బల్ల మీదికి చేరాలి. అవి చేరడం లేదు. ఇందులో మన తప్పు కూడా ఉందని చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఒక తాపీమేస్త్రి సంగతి చెబుతాము. పరంజా మీద నుండి పడి వెన్నుపూస దెబ్బతింది. మన వార్డులో చాలాకాలం ఉన్నాడు. వాకరు పట్టుకుని పది పదిహేను అడుగులు వేయగలిగే స్థితికి వచ్చాక ఇంటికి పంపించాము. ఆ రోజు అందరం సంతోషించాము. డిశ్చార్జి కాగితం మీద "ఇంప్రూవ్డ్, వాకరుతో నడుస్తున్నాడు" అని రాసి ఇచ్చాము. రాసింది అబద్ధం కాదు. కాని అతనికి మూత్రం తనంతట రాదు. రోజుకు నాలుగుసార్లు భార్య గొట్టం వేసి తీయాలి. పిరుదుల మీద స్పర్శ లేదు, గంటసేపు ఒకే తీరున కూర్చుంటే పుండు పడుతుంది. పది అడుగులు వేస్తే తరువాత చాలాసేపు పడుకోవాలి. ఇవేవీ ఆ కాగితంలో లేవు. పునఃపరిశీలనలో అతను తలుపు నుండి బల్ల దాకా వాకరుతో నడిచి చూపించాడు. మా కాగితంలో "ఇంప్రూవ్డ్" అన్న మాట ఉంది. శాతం తగ్గింది, నోటీసు వచ్చింది.

అతని భార్య ఆ కాగితం మా ముందు పెట్టి, "అమ్మగారూ, బాగయ్యాడని మీరే రాశారంట కదా" అంది. మేము జవాబు చెప్పలేకపోయాము. రికార్డు గదిలో పాత కేస్ షీటు తీయించి చూస్తే, మన సిస్టర్లు రాత్రింబగళ్ళు రాసిన నోట్స్‌లో అంతా ఉంది. గొట్టం ఎన్నిసార్లు వేశారు, పుండుకు ఏ రోజున కట్టు కట్టారు, మంచం మీద నుండి లేపడానికి ఎంతమంది పట్టారు, అన్నీ ఉన్నాయి. డిశ్చార్జి కాగితంలోకి మాత్రం అందులో ఒక్క ముక్క కూడా రాలేదు. మన డాక్టరుగారు ఆ నోట్స్ చూసి, ఇప్పటి స్థితిని మళ్ళీ పరీక్షించి, ఒక పేజీ రాసి ఇచ్చారు. అతను అప్పీలు చేశాడు. మేము ఇది రాసే నాటికి ఫలితం రాలేదు.

ఇది ఒక్కరి కథ కాదు. కుష్ఠు నయమైనవారిని చూడండి. వేళ్ళు వంకర పోకపోయినా, చేతుల్లో కాళ్ళలో స్పర్శ పోయినవారు కూడా వికలాంగులేనని 2016 చట్టంలోనే ఉంది. కాని పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలియని ఆ తల్లి, చూపుకు మామూలుగానే కనబడుతుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లవాడు నొప్పి లేని రోజున అందరిలాగే ఆడుకుంటాడు. మానసిక జబ్బుల విషయంలో తన పని తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని, ఈ నాలుగింటికీ మార్కులు వేస్తారు. జబ్బు ఎంతకాలంగా ఉందో కూడా చూస్తారు. ఇవన్నీ కొద్ది నిమిషాల్లో కంటికి కనబడేవా? కూడా ఉన్నవారు చెప్పాలి, వైద్యం చేసినవారు రాయాలి.

అందుకని మన డాక్టర్లకు వినయంగా ఒక మనవి. మీకు ఓ.పి.లో తీరిక ఉండదని మాకు తెలుసు. అయినా జబ్బు పేరు రాసి సంతకం పెట్టినంత మాత్రాన అది సాక్ష్యం కాదు. ఆ మనిషి ఏం చేయగలడు, ఏం చేయలేడు, ఎవరి సాయం కావాలి, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుండి, ఇకముందు బాగుపడే ఆశ ఉందా, ఇవి రాయండి. మంచి రోజున ఎలా ఉంటాడో, చెడ్డ రోజున ఎలా ఉంటాడో రెండూ రాయండి. నర్సుల నోట్స్ అడిగి చూడండి. అలాగే జాలిపడి ఎక్కువ చేసి రాయవద్దు. "పేదవాడు, దయచేసి పింఛను ఇప్పించగలరు" అన్న ఉత్తరానికి బోర్డు ముందు విలువ లేదు. మేలు కోరి రాసిన అబద్ధం ఒకటి బయటపడితే, ఆ తరువాత మన ఆసుపత్రి నుండి వెళ్ళే నిజమైన కాగితాన్ని కూడా ఎవరూ నమ్మరు.

పరిశీలన చేసే డాక్టర్లకు కూడా ఒక మాట. వికలత్వ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం మీదే, మా కాగితానిది కాదు. ఆ సంగతి మాకు తెలుసు. కాని ముందు పాత కాగితాలు చూడండి. "ఎలా ఉన్నావు?" అని కాక, "నిన్న పొద్దున లేచిన దగ్గర నుండి ఏం చేశావు, ఎవరు సాయం పట్టారు?" అని అడగండి. వెంట వచ్చినవారిని కూడా అడగండి. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలు రాతపూర్వకంగా చెప్పాలని 2017 నియమాల్లో ఉంది. నిర్ణయం మీద అప్పీలు హక్కు చట్టంలోనే ఉంది. కారణం తెలియనివాడు దేని మీద అప్పీలు చేస్తాడు?

ఇక పేషెంట్లకు, వారి ఇంటివారికి చెప్పేది ఇది. డిశ్చార్జి కాగితాలు, ఎక్సరేలు, మందుల చీటీలు, పాత సదరం సర్టిఫికెట్ అన్నీ ఒక సంచిలో వానకు తడవకుండా దాచుకోండి. కాగితం పోతే ఆసుపత్రి నంబరు చెప్పి రికార్డు గదిలో అడగండి. డిశ్చార్జి రోజున కాగితంలో ఏం రాశారో చదివించుకోండి. క్యాంపుకు వెళ్ళేటప్పుడు రోజూ మిమ్మల్ని చూసుకునే మనిషినే వెంట తీసుకువెళ్ళండి. లేనిది చెప్పవద్దు, ఉన్నది దాచవద్దు. సాయం లేకుండా చేసుకోలేని పని చెప్పుకోవడంలో సిగ్గు లేదు.

మా నర్సింగ్ విభాగంలో ఒక పద్ధతి మొదలుపెట్టాము. దీర్ఘకాలం సాయం అవసరమయ్యే పేషెంటును ఇంటికి పంపే ముందు, స్నానం, భోజనం, మలమూత్రాలు, లేవడం, నడవడం ఒక్కొక్కటి ఎవరి సాయంతో జరుగుతున్నదో వార్డు సిస్టరు ఒక కాగితం మీద రాసి డాక్టరుగారికి ఇస్తుంది. ఆయన సరిచూసి డిశ్చార్జి కాగితంలో చేరుస్తారు. దీనికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ముందే పెట్టి ఉంటే ఆ మేస్త్రి భార్య ఆ కాగితం పట్టుకుని మా ముందుకు వచ్చేది కాదు.