ఫొటోలు చాలు, శబ్దం వినిపించండి: సెకండ్ హ్యాండ్ ఫిషింగ్ రీల్స్ గురించి నా మాట

ఫోన్లు, ఇయర్‌బడ్స్ మధ్యలోకి ఈ ఫిషింగ్ రీల్ ఎక్కడి నుంచి వచ్చింది అనుకుంటున్నారా? స్పిన్నింగ్ రీల్‌ని ఒక్కసారి విప్పి చూస్తే ఇది కూడా పక్కా గ్యాడ్జెట్టే అని మీరే ఒప్పుకుంటారు. గేర్లు, బాల్ బేరింగ్‌లు, హ్యాండిల్‌ని వెనక్కి తిరగనివ్వని క్లచ్, చేప గట్టిగా లాగినప్పుడు తెగిపోకుండా లైన్‌ని కొంచెం కొంచెంగా వదిలే డ్రాగ్... ఇవన్నీ పిడికిలంత బాడీలో ఇమిడి ఉంటాయి. స్పెక్ షీట్ కూడా ఉంటుంది. గేర్ రేషియో 6.2:1 అని రాసుంటే, హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే రోటర్ 6.2 చుట్లు తిరుగుతుందని అర్థం. షిమానోకి స్టెల్లా, దైవాకి ఎగ్జిస్ట్ ఫ్లాగ్‌షిప్ మోడళ్లు. స్టెల్లాలో 2014, 2018, 2022లో కొత్త తరాలు వచ్చాయి. ఫోన్లలాగే ఇక్కడా కొత్తది రాగానే పాతది అమ్మకానికి పెట్టేవాళ్లు ఉంటారు. బడ్జెట్ తక్కువున్న మనలాంటి వాళ్లకి ఛాన్స్ అక్కడే.

కానీ ఆ ఛాన్స్‌ని పాడు చేస్తున్న అలవాటు ఒకటుంది. నాలుగు ఫొటోలు, "కండిషన్ 9/10, సీరియస్ బయ్యర్స్ ఓన్లీ" అనే ఒక లైన్, కింద ధర. అంతే, లిస్టింగ్ అయిపోయింది. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. వీడియో లేకుండా, ఉప్పునీళ్లలో వాడారో లేదో చెప్పకుండా, లోపల ఎప్పుడు సర్వీస్ చేశారో రాయకుండా అమ్మే రీల్ ఎంత చవగ్గా వచ్చినా కొనకూడదు.

ఫొటోలో కనిపించేది అసలు విషయం కాదు

ఫోన్ కొనేటప్పుడు గీతలు చూస్తాం, స్క్రీన్ మీద మచ్చలు చూస్తాం. రీల్ విషయంలో ఆ లెక్క దాదాపు తలకిందులు. రాళ్ల మీద పెట్టడం వల్ల బాడీకి పడ్డ గీతలతో పెద్ద నష్టం లేదు. రీల్‌ని చంపేసేవి బయటికి కనిపించని చోట్లు.

మొదటిది లైన్ రోలర్. లైన్ స్పూల్ మీదికి చేరేముందు దీని మీదుగానే తిరుగుతుంది. నీళ్లు ఎక్కువ తగిలేది కూడా దీనికే. లోపలి బేరింగ్ తుప్పు పట్టి బిగుసుకుంటే లైన్ ఒకేచోట రాసుకుని అరిగిపోతుంది. రెండోది యాంటీ రివర్స్ క్లచ్. అందులోకి ఉప్పు చేరినా, ఎవరైనా అతి ఉత్సాహంతో చిక్కటి గ్రీజు కుక్కినా అది జారడం మొదలెడుతుంది. సరిగ్గా చేప పడ్డ క్షణంలో హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి వేళ్లకి తగులుతుంది. మూడోది మెయిన్ గేర్. పళ్లు అరిగితే హ్యాండిల్ తిప్పుతుంటే గరగరమంటుంది. నాలుగోది స్పూల్ అంచు. అక్కడ సన్నటి గాటు ఒక్కటున్నా చాలు, క్యాస్ట్ చేసిన ప్రతిసారీ బ్రెయిడ్ లైన్‌ని కోస్తూనే ఉంటుంది.

ఈ నాలుగింటిలో మామూలు లిస్టింగ్ ఫొటోలో తెలిసేది ఒక్కటీ లేదు.

అందుకే "ఎక్కడ వాడారు" అనే ప్రశ్న "ఎన్నేళ్లు వాడారు" కన్నా ముఖ్యం. గోదావరి గట్టునో, చెరువు దగ్గరో మూడేళ్లు వాడిన రీల్ బాగుండొచ్చు. భీమిలి బీచ్‌లో ఒక్క సీజన్ వాడి, కడగకుండా బ్యాగులో పడేసిన రీల్ మాత్రం పైకి మెరుస్తూనే లోపల పోయి ఉండొచ్చు.

సెల్లర్‌ని అడగాల్సిన ఒక నిమిషం వీడియో

నేను అడిగేది ఐదు విషయాలు. ఎడిటింగ్ లేకుండా ఒకే వీడియోలో కావాలి.

1. ఫోన్ మైక్‌ని రీల్ దగ్గర పెట్టి, హ్యాండిల్‌ని చాలా నెమ్మదిగా పది చుట్లు తిప్పాలి. స్పీడుగా తిప్పితే లోపాలు దాగిపోతాయి.

2. రాడ్‌కి బిగించి, లైన్ చివర లీటర్ నీళ్ల బాటిల్ కట్టి, నేల మీద లాగుతూ చుట్టాలి. ఖాళీగా తిప్పితే వెన్నలా తిరిగే రీల్, బరువు పడగానే అసలు గొంతు బయటపెడుతుంది.

3. డ్రాగ్ కొంచెం వదులు చేసి లైన్‌ని చేత్తో లాగాలి. ఒకే తీరుగా రావాలి. ఆగి ఆగి కుదుపులతో వస్తే డ్రాగ్ వాషర్ల పని ఉన్నట్టే.

4. ముందున్న డ్రాగ్ నాబ్ విప్పి స్పూల్ బయటికి తీయాలి. చాలా మోడళ్లలో దీనికి టూల్ కూడా అక్కర్లేదు. కింద మెయిన్ షాఫ్ట్ మీద తుప్పు చుక్కలున్నాయేమో చూడాలి.

5. స్పూల్ అంచు చుట్టూ దూది తిప్పాలి. ఎక్కడైనా పోగు చిక్కుకుంటే అక్కడ గాటు ఉన్నట్టే.

ఇలా అడిగితే కొందరు సెల్లర్లు మెసేజ్ చూసి వదిలేస్తారు. నాకూ అలా జరిగింది. నేను దాన్ని జవాబుగానే తీసుకుంటాను. ఒక సెల్లర్ మాత్రం వీడియో తీస్తుండగానే తన రీల్‌లో లైన్ రోలర్ తిరగట్లేదని గమనించి, తనే ధర తగ్గించారు. వీడియో వల్ల ఇద్దరికీ లాభమే అని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి?

విప్పగలిగేదే నిలబడుతుంది

రీల్స్‌లో నాకు నచ్చేది, మన ఫోన్లలో లేనిది ఇదే. షిమానో, దైవా లాంటి కంపెనీలు తమ రీల్స్‌కి పార్ట్ పార్ట్‌కీ నంబర్ వేసిన డయాగ్రమ్‌లు ఇస్తాయి. ఏ స్క్రూ ఎక్కడ, ఏ వాషర్ తర్వాత ఏది వస్తుందో అందులో ఉంటుంది. బేరింగ్ పోతే మిల్లీమీటర్ల సైజు చూసుకుని అదే సైజుది వేసుకోవచ్చు. కాబట్టి పాత రీల్ కొనేముందు మోడల్ పేరుతో డయాగ్రమ్ వెతకండి, పార్ట్స్ ఇంకా దొరుకుతున్నాయో లేదో చూడండి. పార్ట్స్ దొరకని ఫ్లాగ్‌షిప్ కన్నా దొరికే మిడ్‌రేంజ్ నయం.

అన్నీ అంత తేలిగ్గా తెరుచుకోవు. దైవా మ్యాగ్‌సీల్డ్ రీల్స్‌లో అయస్కాంతాన్ని అంటిపెట్టుకుని ఉండే ప్రత్యేకమైన ఆయిల్ నీళ్లని, దుమ్ముని అడ్డుకుంటుంది. తెలియనివాళ్లు విప్పి ఆ ఆయిల్ తుడిచేస్తే ఆ రక్షణ పోతుంది. వాటర్‌ప్రూఫ్ ఫోన్‌ని వీధి చివర షాపులో తెరిపించాక మళ్లీ నీళ్లలో ముంచగలమా? ఇదీ అంతే. "ఎవరు విప్పారు?" అని అడగడం ఇలాంటి రీల్స్‌కి తప్పనిసరి.

యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త రూల్స్ అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఒక ఫోన్ మోడల్ అమ్మకాలు ఆగిపోయాక కూడా 7 ఏళ్లపాటు ముఖ్యమైన స్పేర్ పార్ట్స్ అందుబాటులో ఉంచాలి. రిపేర్ చేసుకోగలిగితేనే సెకండ్ హ్యాండ్‌కి విలువ ఉంటుందని రీల్ వాడేవాళ్లకి ఎప్పటి నుంచో తెలుసు.

మధ్యలో ఎవరూ లేరు, గుర్తుంచుకోండి

జపాన్‌లో వాడిన ఫిషింగ్ సామాను కొని అమ్మడానికే టాకిల్ బెర్రీ అనే చైన్ షాపులున్నాయి. షాపు మధ్యలో ఉంటే చూసి కొనొచ్చు, తేడా వస్తే వెళ్లి అడగొచ్చు. మన దగ్గర ఎక్కువగా మనిషికీ మనిషికీ మధ్య నేరుగా జరిగే బేరమే. చెక్ చేసే పని కూడా మన మీదే పడుతుంది.

వాడిన ఫోన్ అయితే ఐఎంఈఐ నంబర్‌ని సంచార్ సాథీలో చెక్ చేసుకోవచ్చు. రీల్‌కి అలాంటి సదుపాయం లేదు. కొన్న బిల్లు ఉందా అని అడగండి. రాడ్‌కి బిగించే రీల్ ఫుట్ మీద కోడ్ ఉంటే దాని ఫొటో తీసుకుని డయాగ్రమ్‌లోని మోడల్‌తో పోల్చండి. కొత్త ఫ్లాగ్‌షిప్‌ని ఎవరైనా పావు ధరకి ఇస్తానంటే అది డూప్లికేట్ అయినా అయ్యుండాలి, ఫొటోలు వేరేవాళ్లవైనా అయ్యుండాలి.

అమ్మేవాళ్లకీ ఒక మాట. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు పడతాయి" అని బయ్యర్ అంటే అక్కడితో చాట్ ఆపేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

"ఈ ధరకి ఇంకేం ఆశిస్తారు?" అనేవాళ్లకి

ఈ మాట తరచూ వినిపిస్తుంది. వాడిన వస్తువు, గ్యారంటీ ఉండదు, ఇష్టమైతే తీసుకోండి అంటారు. గ్యారంటీ నేనూ అడగట్లేదు. నిజం చెప్పమంటున్నాను, అంతే. లైన్ రోలర్ పోయిందని ముందే రాస్తే, నేను బేరింగ్ ఖర్చు లెక్కేసుకుని సంతోషంగా కొంటాను. ఉదాహరణకి 4,000 అడుగుతున్న రీల్‌కి పార్ట్స్, సర్వీస్ కలిపి 1,000 అవుతుందనుకుందాం. అప్పుడు నాకు దాని ధర 5,000. అదే డబ్బుకి వారంటీతో వచ్చే కొత్త బడ్జెట్ రీల్ పక్కన పెట్టి పోల్చుకుంటాను. కొన్నిసార్లు కొత్తదే గెలుస్తుంది, అందులో తప్పేం లేదు. చేత్తో స్క్రూడ్రైవర్ పట్టే ఓపిక లేనివాళ్లకి కొత్తదే మంచిదని నేనే చెబుతాను.

కానీ లోపం దాచి అమ్మితే పోయేది ఒక్క బయ్యర్ డబ్బు మాత్రమే కాదు. పాకెట్ మనీ దాచుకుని మొదటిసారి మంచి రీల్ కొన్న కుర్రాడు ఒకసారి మోసపోతే, మళ్లీ వాడిన వస్తువు జోలికి రాడు. రేపు మీ దగ్గరున్న నిజంగా మంచి రీల్‌కి కూడా సరైన ధర రాదు. అందుకే ఈసారి లిస్టింగ్ పెట్టేటప్పుడు ఒక నిమిషం వీడియో, మూడు లైన్లు కలపండి: ఎక్కడ వాడాను, ఎప్పుడు సర్వీస్ చేశాను, ఏది బాగాలేదు. కొనేవాళ్లు కూడా ఆ మూడు లైన్లు లేని లిస్టింగ్‌కి "లాస్ట్ ప్రైస్?" అని మెసేజ్ పెట్టడం మానేయండి. ముందు వీడియో అడగండి, బేరం ఆ తర్వాత.