రంగు తర్వాత, ముందు దూలం మాట

కోలారు ఇంటి వెనక వేయబోయే చెక్క డెక్కు గురించి మూడు వారాలుగా వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకుంటున్నాం. పలకల రంగు తేలింది. ఉయ్యాల ఎక్కడో తేలింది. కింద ఏది మోస్తుందని ఒక్కరూ అడగలేదు. నేను చదివింది కన్నడ మీడియం, నా తెలుగు గరుకుగా ఉంటే ఓర్చుకోండి. ఇది మాత్రం చెప్పాల్సిందే.

మేస్త్రీ రాసిచ్చిన చీటీ చూసినాను. దూలం ఒక పక్క ఇంటి గోడకి మేకులతో కొడతాడంట. అది మట్టి అడుసుతో పేర్చిన గోడ, మేకు పట్టు నిలవదు. గట్టి గోడకైనా మేకులు చాలవు, బోల్టులు కావాల. గోడ దగ్గర ఊడి కూలిన డెక్కులు ఎన్నో. కాబట్టి గోడను తాకకుండా, నాలుగు పక్కలా సొంత కాళ్ళ మీద నిలబెట్టాల. ఊగకుండా ఏటవాలు ఊతకర్రలు వేయాల.

"అంత బరువు ఎవరు ఎక్కుతారురా" అంటాడు చిన్నాయన. మనది 120 చదరపు అడుగులు. అమెరికాలో ఇంటి డెక్కును చదరపు అడుగుకు 40 పౌన్లు మోసేటట్టు కడతారు. ఆ లెక్కన 4,800 పౌన్లు, అంటే దాదాపు 2,180 కిలోలు. సంక్రాంతి ఫోటోకి ముప్పై మంది నిలబడితే, తలా 60 కిలోలు వేసుకున్నా 1,800. ఎక్కేది మనమే చిన్నాయనా!

ఇంకోటి, స్తంభాలను మట్టిలో పూడుస్తాడంట. చెక్క కొన నీళ్ళు తాగుతుంది, చెదలు పడుతుంది. మన పడసాల స్తంభాలు చూడండి, ఒక్కొక్కటీ రాతి దిమ్మె మీద ఉంది. పెద్దోళ్ళు ఊరికే పెట్టలేదు. ఇప్పుడైతే కాంక్రీటు దిమ్మె, దాని మీద ఇనుప కాలు, చెక్కకు తడి తగలకుండా. దూలం స్తంభం నెత్తిన కూర్చోవాల, పక్కన వేలాడకూడదు. పలకల కింద దంతెలు 16 అంగుళాలకొకటి ఉండాల. చీటీలో 30 ఉంది.

మేస్త్రీకి అనుభవం ఉందంటారు. ఉంది, గోడలు కట్టడంలో. నా పని టెస్టింగ్. "నా మిషన్లో బాగానే నడుస్తోంది" అనే మాట రోజూ వింటాను. అక్కడ తప్పయితే మళ్ళీ సరిచేసి పంపిస్తాం. ఇక్కడ దాని మీద కూర్చునేది మన అవ్వ.

చీటీ మారేదాకా నా వంతు డబ్బు పంపను. రంగు మీ ఇష్టం.