హాక్ విమానం చెప్పే పాఠం

యుద్ధవిమానం అనగానే మాలో చాలామందిమి దాని వేగం ఎంత, తుపాకులు ఎన్ని, ఎన్ని శత్రు విమానాలను కూల్చింది అనే లెక్కలే చెబుతాం. ఆ లెక్కలు తెలుసుకోవడంలో తప్పు లేదు. కానీ ఒక విమానం చరిత్ర అంతటితో అయిపోదని మా అభిప్రాయం. అందుకు అమెరికా విమానం కర్టిస్ హాక్ 75 మంచి ఉదాహరణ.

హాక్ మొదటిసారి 1935లో ఎగిరింది. అమెరికా సైన్యం దీనిని పి-36 అని, బ్రిటిష్ వైమానిక దళం మోహాక్ అని పిలిచాయి. రెండో ప్రపంచ యుద్ధం ముదిరేసరికి దీనికంటే వేగమైన విమానాలు వచ్చేశాయి. ఇదే విమానానికి వేరే రకం ఇంజను అమర్చి పి-40ని తయారుచేశారు. పేరు ప్రఖ్యాతులు దానికే దక్కాయి.

మన దేశ చరిత్రలో మాత్రం హాక్‌కు ప్రత్యేక స్థానం ఉంది. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వ సహకారంతో బెంగళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కంపెనీని స్థాపించారు. అక్కడ బిగించిన హాక్ 1942 జూలైలో ఎగిరింది. పూర్తయినవి కొన్ని మాత్రమే. 1943లో ఆ కర్మాగారం అమెరికా వైమానిక దళం చేతికి వెళ్లి, యుద్ధవిమానాల మరమ్మతు కేంద్రంగా మారింది.

నమూనా పరాయివాళ్లది, పని బిగింపు, మరమ్మతు. ఇందులో మన ఘనత ఏముందని కొందరు అడగవచ్చు. యుద్ధం ముగిసింది గాని, నేర్చుకున్న పని ఎక్కడికీ పోలేదు. వి.ఎం. ఘాటగే నాయకత్వంలో అదే సంస్థ రూపొందించిన హెచ్‌టి-2 శిక్షణ విమానం 1951 ఆగస్టులో ఎగిరింది. ముందు విప్పడం, బిగించడం వచ్చింది; ఆ తరువాతే సొంతంగా రూపొందించడం వచ్చింది.

దంతెవాడ పిల్లలకు ఈ సంగతి మరింత అవసరం. బైలడీలా కొండల ఇనుప ఖనిజం కిరండుల్‌లో రైలెక్కి కొత్తవలస మీదుగా విశాఖపట్నం చేరుతుంది. వ్యాగన్లు వెళ్లడం మనం రోజూ చూస్తాం. ఆ ఖనిజం ఉక్కుగా, ఉక్కు యంత్రంగా ఎలా మారుతుందో మాత్రం పుస్తకంలో చదివి ఊరుకుంటాం. మట్టి మనది, పని ఇంకొకరిది అయితే సరిపోతుందా?

మరో మాట కూడా మరచిపోకూడదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పాతికేళ్లు తిరిగాక అదే విశాఖ రేవు నుంచి మన బైలడీలా ఖనిజం అదే జపాన్‌కు ఓడల్లో వెళ్లింది. శత్రుత్వాలు పోతాయి, పని సంబంధాలు నిలుస్తాయి. విమానం బొమ్మను చూసి మురిసిపోయేటప్పుడు, దాని కింద ఉన్న ఊళ్లను కూడా తలచుకోవాలి.

అందుకే మా కోరిక ఒకటే. ప్రతి తరగతికీ ఏడాదికి ఒక పాత ఫ్యాను మోటారో, నీటి పంపో ఇవ్వండి. విప్పి, శుభ్రం చేసి, మళ్లీ తిరిగేలా బిగిస్తాం. దానికి మార్కులు వేయకపోయినా ఫరవాలేదు. అది తిరిగితే మాకు చాలు.