సీలు పడని కాగితం, విప్పని ఓటు

సారపాకలో పేపర్ మిల్లు దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కితే అవతలి ఒడ్డు భద్రాచలం. ఆ ఊరు దాటగానే ఎటపాక. మధ్యలో కొండా లేదు, వాగూ లేదు, రాష్ట్రం మాత్రం మారిపోతుంది. 2014 ఏప్రిల్ 30న తెలంగాణ ఓటర్లుగా క్యూలో నిలబడ్డ ఈ ఊళ్లు, నెల తిరిగేసరికి పోలవరం ముంపు పేరుతో వచ్చిన ఆర్డినెన్సుతో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. సారపాక ఉన్న బూర్గంపాడు మండలంలో కూడా కొన్ని గ్రామాలు అట్లాగే పోయాయి. అప్పటినుంచి ఇక్కడ చాలామందికి సంత, ఆసుపత్రి, చుట్టాలు ఒక రాష్ట్రంలో, ఓటు ఇంకో రాష్ట్రంలో.

2024 మే 13న బ్రిడ్జికి రెండు వైపులా ఒకేరోజు పోలింగ్ జరిగింది. కౌంటింగుకు రెండు రోజుల ముందు సారపాక సెంటర్లో టీ తాగుతుంటే, అవతలి వైపు పనిచేసే ఒక అంగన్‌వాడీ టీచరు కలిసింది. మాల మహిళ, ఎన్నికల డ్యూటీ చేసి వచ్చింది. టీవీలో పొద్దస్తమానం పోస్టల్ బ్యాలెట్ సీలు గురించే గొడవ. ఆమె అడిగిన మాట ఇది: "తమ్ముడూ, నా కాగితం మీద ఆ సారు సంతకం చేసిండు. సీలు వేసిండో లేదో నేను చూడలే. వెనక లైను పెద్దగుంది, జరగమన్నరు. ఇప్పుడు నా ఓటు ఉన్నట్టా, పోయినట్టా?"

నేను రాజనీతి శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. ఆమెకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. జవాబు వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, ఈ దేశంలో పోస్టల్ ఓటు మీద జరిగే తగాదాల్లో ఆమె ఎక్కడా లేదు.

ముందు ఆ కాగితాల సంగతి. పోస్టల్ బ్యాలెట్ అంటే ఓటు పత్రం ఒక్కటే కాదు. ఫారం 13ఎ అనే డిక్లరేషన్ మీద ఓటరు సంతకం చేయాలి, దాన్ని ఒక అధికారి ధ్రువీకరించాలి. ఓటు పత్రాన్ని 13బి అనే చిన్న కవర్లో పెట్టి, దాని మీద బ్యాలెట్ క్రమసంఖ్య వేయాలి. ఈ రెండింటినీ కలిపి 13సి అనే పెద్ద కవర్లో పెట్టాలి. లెక్కింపు రోజు పెద్ద కవరు విప్పి మొదట డిక్లరేషన్ చూస్తారు. సంతకం లేకపోయినా, ధ్రువీకరణ లేకపోయినా, క్రమసంఖ్య చిన్న కవరు మీది సంఖ్యతో కలవకపోయినా చిన్న కవరు విప్పరు. అంటే ఆ ఓటు ఎవరికి పడిందో ఎవరికీ తెలియకుండానే చెల్లని కట్టలోకి పోతుంది. తప్పు ఓటులో ఉండదు, దాని చుట్టూ ఉన్న కాగితాల్లో ఉంటుంది. అయినా పోయేది ఓటే.

పేరుకు పోస్టల్ అంటాం గానీ, ఎన్నికల డ్యూటీ ఉద్యోగుల ఓటును ఇప్పుడు పోస్ట్‌మాన్ ముట్టుకోడు. 2023లో నిబంధనలు సవరించి, వాళ్లు ఫెసిలిటేషన్ కేంద్రానికే వచ్చి ఓటు వేయాలన్నారు. బ్యాలెట్ చాలా రోజులు చేతిలో ఉంటే బేరాలు, బెదిరింపులు జరుగుతాయన్నది దానికి చెప్పిన కారణం. కారణం సబబైనదే. కానీ కేంద్రంలో ధ్రువీకరించే అధికారిని నియమించేది రిటర్నింగ్ అధికారి. సీలు మర్చిపోతే ఆ తప్పు వ్యవస్థది, ఓటరుది కాదు.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో గొడవ సరిగ్గా ఇక్కడే మొదలైంది. ఆ ఎన్నికల్లో 5 లక్షలకు పైగా పోస్టల్ ఓట్లు పడ్డాయి. 13ఎ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, పేరు, హోదా, సీలు లేకపోయినా ఓటును తిరస్కరించవద్దని ఎన్నికల అధికారులు మే నెలాఖరులో స్పష్టత ఇచ్చారు. అప్పటికి పోలింగ్ అయిపోయి రెండు వారాలు. అధికారంలో ఉన్న వైఎస్సార్‌సీపీ ఇది నిబంధనలకు విరుద్ధమంటూ హైకోర్టుకు పోయింది. ఫలితం మీద అభ్యంతరముంటే తర్వాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చని హైకోర్టు చెప్పింది. జూన్ 3న, కౌంటింగుకు ఒక్కరోజు ముందు, సుప్రీంకోర్టు కూడా జోక్యానికి ఒప్పుకోలేదు.

నా అభిప్రాయంలో ఆ స్పష్టత సారాంశంలో సరైనది. అధికారి సీలు మర్చిపోయినందుకు ఓటరును శిక్షించకూడదు. కానీ ఓట్లు పడ్డాక, ఏ వర్గం ఎటు వేసిందో అందరూ ఊహించుకుంటున్న సమయంలో ఇవ్వాల్సిన స్పష్టత కాదది. ఆ మాట ముందే రాసిపెట్టి ఉంటే 'రిగ్గింగ్' అనే కేకకు చోటుండేది కాదు. రెండు పార్టీలు మాట్లాడిందల్లా 'ఉద్యోగులు' అనే ఒక మూట గురించి. సీపీఎస్ మీద, పీఆర్సీ మీద కోపంగా ఉన్నారు కాబట్టి వాళ్ల ఓటు మాకు వ్యతిరేకమని ఒకరి లెక్క, మాకు అనుకూలమని ఇంకొకరి లెక్క. తహసీల్దారు ఫారం నింపే తీరు, ఆయా ఫారం నింపే తీరు ఒకటేనా అని ఎవరూ అడగలేదు. అంగన్‌వాడీలు అంతకు ముందే, 2024 జనవరిలో, సమ్మెలో ఉన్నప్పుడు వాళ్లది అత్యవసర సేవ అని ప్రభుత్వానికి గుర్తొచ్చి ఎస్మా పెట్టింది. ఆ అత్యవసరం వాళ్ల ఓటు దగ్గర ఎవరికీ గుర్తు రాలేదు.

(ఎటపాక ఓటు పడేది రంపచోడవరం ఎస్టీ నియోజకవర్గంలో. ఆ ఎన్నికల్లో అక్కడ గెలిచిన మిరియాల శిరీషాదేవి ఒకప్పటి అంగన్‌వాడీ కార్యకర్త. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు మా టీచరక్క ఎంత సంబరపడిందో చెప్పలేను.)

చివరికి కూటమి 175లో 164 సీట్లు గెలవడంతో సీలు గొడవను అందరూ మర్చిపోయారు. తేడాలు పెద్దవైతే ఈ తప్పులు కనబడవు. దగ్గరి పోటీల్లోనే బయటపడతాయి. 2019లో గుంటూరు లోక్‌సభ స్థానంలో గల్లా జయదేవ్ 4,205 ఓట్ల తేడాతో గెలిచారు. అక్కడ 9 వేలకు పైగా పోస్టల్ ఓట్లను కవరు మీద సంఖ్య లేదంటూ తిరస్కరించారని ఓడిన వైఎస్సార్‌సీపీ అభ్యర్థి మోదుగుల వేణుగోపాలరెడ్డి ఆరోపించి కోర్టుకెక్కారు. చిత్రం చూడండి. 2019లో కవరు మీద సంఖ్య లేకపోయినా లెక్కించాలన్న పార్టీ, 2024లో కాగితం మీద సీలు లేకపోతే లెక్కించొద్దంది. సూత్రాలు ఓట్ల లెక్కను బట్టి మారతాయి. ఈ విషయంలో ఏ పార్టీ ఇంకోదానికి తీసిపోదు.

గుజరాత్‌లోని ఢోల్కా ఉదంతం ఇంకా స్పష్టమైనది. 2017లో అక్కడ బీజేపీ మంత్రి భూపేంద్రసింహ్ చుడాసమా 327 ఓట్లతో గెలిచారు. తిరస్కరించిన పోస్టల్ ఓట్లు 429. 2020 మేలో గుజరాత్ హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. మూడు రోజులకే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. తేడా కంటే తిరస్కరించిన పోస్టల్ ఓట్లు ఎక్కువైతే, ఫలితం ప్రకటించేముందు వాటన్నింటినీ మళ్లీ పరిశీలించాలని ఎన్నికల సంఘం నియమమే ఉంది. ఇది తెలిసిన కౌంటింగ్ ఏజెంట్లు మన పార్టీల్లో ఎంతమంది?

ఇది మన రిజర్వుడు స్థానాలకు ఎందుకు ముఖ్యమో చెప్తాను. 2024లో మడకశిర ఎస్సీ స్థానంలో గెలుపు తేడా 351. 2018లో తెలంగాణలోని ఆసిఫాబాద్ ఎస్టీ స్థానంలో 171, ధర్మపురి ఎస్సీ స్థానంలో 441. ఇలాంటి చోట ఒక కట్ట కవర్లు ఇటు పడితే ఒకరు, అటు పడితే ఒకరు. అన్యాయం జరిగిందనుకున్న అభ్యర్థికి మిగిలే దారి ఎన్నికల పిటిషన్. ధర్మపురిలో ఓడిన అడ్లూరి లక్ష్మణ్‌కుమార్ ఓట్ల లెక్కింపు మీద పిటిషన్ వేస్తే, విచారణ దాదాపు పదవీకాలం చివరిదాకా సాగింది. మధ్యలో హైకోర్టు ఆదేశంతో 2023 ఏప్రిల్‌లో స్ట్రాంగ్ రూం తెరవబోతే తాళంచెవులు కనబడలేదు! మన జిల్లాలోనే కొత్తగూడెంలో 2018 ఎన్నిక మీద జలగం వెంకట్రావు వేసిన పిటిషన్ అఫిడవిట్‌కు సంబంధించినది. అందులో వనమా వెంకటేశ్వరరావు ఎన్నిక చెల్లదని హైకోర్టు తీర్పు చెప్పింది 2023 జూలైలో. తర్వాతి ఎన్నికలకు అప్పటికి నాలుగు నెలలే ఉంది. ఆ తీర్పు మీద కూడా సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 'తర్వాత పిటిషన్ వేసుకోండి' అని కోర్టులు అన్నప్పుడు దానర్థం ఇది. కోట్లున్న జలగంలకే ఐదేళ్లు పడితే, అప్పు చేసి పోటీకి దిగిన దళిత అభ్యర్థి సంగతేంటి?

పోస్టల్ ఓటు మీద లోకంలోకెల్లా పెద్ద రభస అమెరికాలో జరిగింది. 2020లో కరోనా వల్ల అక్కడ కోట్లమంది పోస్టులో ఓటేశారు. మోసం జరిగిందని ట్రంప్, ఆయన మద్దతుదారులు 60కి పైగా కేసులు వేశారు. ఫలితాన్ని మార్చే రుజువు ఒక్క కోర్టులోనూ నిలబడలేదు. ఆ అరుపుల కింద ఒక చిన్న నివేదిక ఎవరి చెవినా పడలేదు. దాదాపు అందరూ పోస్టులోనే ఓటేసే వాషింగ్టన్ రాష్ట్రంలో ఆడిట్ అధికారులు 2020 ఎన్నికను పరిశీలించి 2022లో చెప్పిందేమంటే, నల్లజాతి ఓటర్ల కవర్లు తెల్లవారి కవర్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువగా తిరస్కరణకు గురయ్యాయి. పెద్ద కారణం, సంతకం కలవలేదనడం. సంతకాలు సరిచూసినవాళ్లు పక్షపాతం చూపారనడానికి ఆధారం దొరకలేదని కూడా అదే నివేదిక చెప్పింది. కుట్ర అక్కర్లేకుండానే ఓట్లు పోయాయి. పోయింది కూడా ఎప్పుడూ పోగొట్టుకునేవాళ్లవే.

మన దగ్గర అలాంటి లెక్క తీయడానికి వీలే లేదు. ఫలితాల తర్వాత ఇచ్చే ఫారం 20లో పోస్టల్ ఓట్లు ఎన్ని, తిరస్కరించినవి ఎన్ని అని ఉంటుంది. ఏ కారణంతో ఎన్ని తిరస్కరించారో ఉండదు. సీలు లేకనా, సంతకం లేకనా, క్రమసంఖ్య కలవకనా? అవి ఏ హోదా ఉద్యోగులవి? డ్యూటీకి వెళ్లే డ్రైవర్లు, అటెండర్లు, ఆయాలు, పారిశుధ్య సిబ్బందిలో మనవాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. ఆ ఫారాల మీద శిక్షణ మాత్రం ప్రిసైడింగ్ అధికారులకు జరిగినంత శ్రద్ధగా వీళ్లకు జరగదని నాతో మాట్లాడినవాళ్లందరూ చెప్పారు.

ఇక, కవరే చేతికి రానివాళ్ల సంగతి. మిర్చి కోతల కాలంలో సారపాక చుట్టుపక్కల చేలల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఆదివాసీ కూలీలు టార్పాలిన్లు కట్టుకుని ఉంటారు. 2024లో వాళ్ల బస్తర్ లోక్‌సభ పోలింగ్ ఏప్రిల్ 19న. కోత వదిలి పోతే కూలి పోతుంది, పోకపోతే ఓటు పోతుంది. సైనికుడికి, 85 ఏళ్లు దాటినవారికి, వికలాంగులకు, డ్యూటీలో ఉన్న ఉద్యోగికి పోస్టల్ ఓటు ఉంది. వలస కూలీకి లేదు. విదేశాల్లోని భారతీయులకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో పోస్టల్ ఓటు ఇవ్వొచ్చని ఎన్నికల సంఘం 2020లోనే కేంద్రానికి చెప్పింది. డల్లాస్‌లో ఉన్న మనవాడి గురించి ఆలోచించినంత తొందరగా, బూర్గంపాడు మిరపచేలో ఉన్న మనిషి గురించి ఆలోచన రాలేదు. వలస ఓటర్ల కోసమని 2023 జనవరిలో రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని పార్టీలకు చూపించబోతే ప్రతిపక్షాలు ఒప్పుకోలేదు. వాళ్ల అనుమానాల్లో కొన్ని న్యాయమైనవే. కానీ యంత్రం వద్దన్నవాళ్లు మరో దారి చూపించాలిగా?

జైళ్లది ఇంకో వింత. ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు పోస్టల్ ఓటు వేయొచ్చు. నేరం రుజువు కాని విచారణ ఖైదీ మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 62(5) ప్రకారం ఓటే వేయకూడదు. దేశంలోని ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది విచారణ ఖైదీలే. అందులో దళితులు, ఆదివాసులు జనాభా నిష్పత్తి కంటే ఎక్కువ. ఈ ఏజెన్సీలో కేసులు ఎవరి మీద పడతాయో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

'దొంగ ఓట్లు' అనే మాట ఎప్పుడు గట్టిగా వినబడినా నాకు 2018 డిసెంబర్ 7 గుర్తొస్తుంది. ఓటర్ల జాబితా శుద్ధి పేరుతో తెలంగాణలో లక్షల పేర్లు పోయాయి. పోలింగ్ రోజు జనం బూత్‌ల నుంచి వెనక్కి తిరిగారు. అప్పటి ప్రధాన ఎన్నికల అధికారి రజత్‌కుమార్ క్షమాపణ చెప్పారు. క్షమాపణతో ఓటు తిరిగి రాలేదు. 2025లో బిహార్ ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితాలోంచి 65 లక్షల పేర్లు పోయాయి. సుప్రీంకోర్టు చెప్తే గానీ ఆ పేర్లు, తొలగింపు కారణాలు బయటపెట్టలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ప్రకటించిన రెండో విడతలో ఛత్తీస్‌గఢ్ ఉంది. సల్వాజుడుం కాలంలో ఊళ్లు వదిలి ఇటు వచ్చిన గుత్తికోయలకు అక్కడ ఇల్లు లేదు, ఇక్కడ ఎస్టీ గుర్తింపు లేదు. 'పాత జాబితాలో మీ పేరు చూపించండి' అని అడిగితే వాళ్లు ఏ ఊరి కాగితం తేవాలి?

విద్యార్థి, హక్కుల సంఘాల మిత్రులు ఈ పనులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. తిరస్కరించిన పోస్టల్ ఓట్లకు కారణాల వారీ లెక్క ఇమ్మని ప్రతి రిజర్వుడు స్థానానికీ సమాచార హక్కు దరఖాస్తు వేయాలి. కింది స్థాయి సిబ్బందికి ఫారం 13ఎ నింపడం తెలుగులో, చేత్తో పట్టుకుని నేర్పించమని జిల్లా ఎన్నికల అధికారిని అడగాలి. కౌంటింగ్ ఏజెంట్లుగా వెళ్లే మన పిల్లలకు పునఃపరిశీలన నియమం కంఠతా రావాలి. సీలు వేయాల్సింది అధికారి గనక, సీలు లేకపోవడం ఓటరు తప్పు కాదని నిబంధనల్లోనే రాయించాలి. మెమోలు చాలవు.

టీచరక్కకు ఆ తర్వాత ఫోన్ చేశాను. స్పష్టత వచ్చింది కాబట్టి సంతకం ఉంటే చాలు, మీ ఓటు లెక్కలోకి వచ్చే ఉంటుందని చెప్పాను. "వచ్చే ఉంటదా, వచ్చిందా?" అంది. ఆ ఒక్క కవరు సంగతి తెలుసుకునే మార్గం ఆమెకూ లేదు, నాకూ లేదు. ఈసారి డ్యూటీ పడితే సీలు వేసేదాకా బల్ల దగ్గర్నుంచి కదలనని చెప్పి ఫోన్ పెట్టేసింది.