ఓడిన విప్లవముపై ఇంత అభిమానమేల?

గెలిచినవారి కథలకు శ్రోతలు దొరకుట సహజము. ఓడినవారి కథకు, అందునా రెండు దినములలో అణగిపోయిన ఒక తిరుగుబాటు కథకు, దేశదేశముల యువతీయువకులు నలువది సంవత్సరములుగా కంటతడి పెట్టుచున్నారనగా అది ఆలోచింపదగిన విషయమే. మేము ప్రస్తావించుచున్నది "లే మిజరబ్ల్" అను సంగీత నాటకమును, అంతకంటె ముఖ్యముగా దాని అభిమానులను. ఈ అభిమానమును వెఱ్ఱి యని తీసివేయు పెద్దలు కలరు. ఇదియే విప్లవ చైతన్యమని మురిసిపోవు పిన్నలును కలరు. ఈ ఇరువురితోను మాకు అభిప్రాయభేదము కలదు.

విక్టర్ హ్యూగో వ్రాసిన మూలనవల 1862లో వెలువడినది. క్లోద్ మిషెల్ షోన్‌బెర్గ్ సంగీతముతో, ఆలెన్ బూబ్లిల్ ప్రభృతుల రచనతో అది 1980లో పారిస్ నగరమున గేయనాటకమై రంగస్థలమున కెక్కినది. ఆంగ్లరూపము 1985 అక్టోబరు 8న లండనులోని బార్బికన్ రంగశాలలో ప్రారంభమైనది. మరునాటి పత్రికలలో విమర్శకులు పలువురు పెదవి విరిచినారు. జనము మాత్రము టిక్కెట్ల కొరకు బారులు తీరినారు. న్యూయార్కులోని బ్రాడ్వేలో 1987 నుండి 2003 వరకు 6,680 ప్రదర్శనలు జరిగినవి. లండనులో రంగశాల మారినది, నటులు మారినారు, నాటకము మాత్రము సాగుచునే యున్నది. విద్వాంసులు వలదన్న దానిని జనము నెత్తిన పెట్టుకొనుట అన్ని దేశములలోను ఉన్నదే!

ఈ కథ మనకు పరాయిది కాదు. 1950లో చిత్తూరు నాగయ్యగారు నటించిన "బీదలపాట్లు" ఈ నవల ఆధారముగా తీసిన చిత్రమే. 1972లో అక్కినేని నాగేశ్వరరావుగారితో అదే పేరున మరల తీసినారు. హిందీలో సొహ్రాబ్ మోదీగారి "కుందన్" (1955) కూడ దీని సంతానమే. కనుక ఈ కథ యనగానే మన పెద్దలకు తలపునకు వచ్చునది రొట్టెముక్క దొంగిలించి పందొమ్మిది సంవత్సరములు చెరలో మగ్గిన జాన్ వాల్జాన్, అతని వెన్నంటి తిరుగు పోలీసు అధికారి జావేర్. నేటి అభిమానుల హృదయములలో పీఠము వేసికొన్నవారు వేరు. వారు నాటకము ద్వితీయార్ధమున బారికేడుపై మరణించు విద్యార్థులు. వారి నాయకుడు ఆంజోల్రా, తాగుబోతు మిత్రుడు గ్రాంటేర్, వీధిబాలుడు గవ్రోష్, ప్రేమ ఫలింపక ప్రాణము విడిచిన ఎపొనిన్. అభిమానులు చిత్రములు గీయునది, కథలు వ్రాయునది వీరిని గూర్చియే.

ఆ బారికేడు ఏ విప్లవమునకు చెందినది? 1789 నాటి మహావిప్లవమని పొరబడు ప్రేక్షకులు నేటికిని కలరు. బాస్తీయు కోట కూలి అప్పటికి నలువది మూడు సంవత్సరములు గడచినవి. ఇది 1832 జూన్ 5, 6 తేదీల సంగతి. 1830 విప్లవముతో గద్దె నెక్కిన లూయీ ఫిలిప్ రాజ్యము బీదల బ్రతుకు మార్చలేదు. దానికి తోడు ఆ సంవత్సరము కలరా వచ్చి ఒక్క పారిస్‌లోనే పదునెనిమిది వేలకు పైగా ప్రాణములను బలిగొన్నది. ప్రజల పక్షమున మాట్లాడువాడని పేరుపొందిన సేనాని లామార్క్ కూడ ఆ వ్యాధితోనే మరణించినాడు. జూన్ 5న ఆయన శవయాత్ర తిరుగుబాటుగా మారినది. మరునాటి సాయంకాలమునకు సైన్యము దానిని అణచివేసినది. ఇరుపక్షముల కలిపి హతులు, క్షతగాత్రులు సుమారు ఎనిమిది వందల మంది. హ్యూగో వ్రాసియుండనిచో ఈ రెండు దినములను ఫ్రాన్సు వెలుపల స్మరించువారు ఎందరు? ఆ నవల నాటకమై యుండనిచో దూరదేశముల పిల్లలకు లామార్క్ అను పేరు చెవిని పడునా?

ఇక అభిమానుల తీరు చూతము. వారు నాటకమును ఒకమారు చూచి ఇంటికి పోవువారు కారు. పాటలన్నియు కంఠస్థము, ఏ సంవత్సరము ఏ నటుడు ఏ పాత్ర ధరించినాడో నాలుక చివర నుండును. కొన్ని దేశములలో పాఠశాలల కొరకు కుదించిన కూర్పు లభించుటచే, పలువురు స్వయముగా ముఖమునకు రంగు పూసికొని ఆ బారికేడుపై చచ్చి లేచినవారే. మొదటి ప్రదర్శనములో రంగస్థలమే చక్రమువలె తిరిగి, బారికేడుకు ఆవలి వైపున ఒరిగిన ఆంజోల్రా శవమును చూపెడిది. 2019లో లండనులో ఆ తిరుగు వేదికను తొలగించినప్పుడు ఆత్మీయుని కోల్పోయినట్లు బాధపడినవారు కలరు. నవలకు వారు పెట్టిన ముద్దుపేరు "ఇటుక". దాని మందము చూచినవారు ఆ పేరును కాదనలేరు. అందు 365 అధ్యాయములు కలవు గనుక దినమునకు ఒకటి చొప్పున సంవత్సరమంతయు పారాయణము చేయువారు కూడ కలరు. ప్రతి సంవత్సరము జూన్ 5, 6 తేదీలను బారికేడు దినములుగా పాటించి, ఎన్నడును పుట్టని పాత్రల మరణమునకు సంతాపము తెలుపుదురు. ఆ మిత్రులు చావక బ్రతికినచో ఏమగునో ఊహించి వారు వ్రాసిన కథలకు లెక్కలేదు.

ఇదంతయు కాలహరణ మనువారిని మేము ఒక్క మాట అడుగుదుము. బొబ్బిలి యుద్ధము 1757లో జరిగినది. బొబ్బిలి ఓడినదని వినువానికి ముందే తెలియును. అయినను బుర్రకథకుడు తంబుర మీటగానే జనము తెల్లవారువరకు కదలక కూర్చుండెడివారు. మీర్ అనీస్ మర్సియాలు విన్నవారికి ఏమి జరుగనున్నదో తెలియదా? పవిత్రమైన దానిని ఒక వినోద నాటకముతో పోల్చుట మా ఉద్దేశము కాదు. అంతము తెలిసిన దుఃఖమును మరల మరల వినుట మానవ స్వభావములోనిదే యనియు, ఓడినవారిని పేరు పేరునా తలచుకొనుట మన రెండు భాషల వారికిని చిరపరిచితమే యనియు మాత్రమే మా మనవి. పరీక్షలలో దీనికి మార్కులు రావు. అయినను పదునారేండ్ల పిల్ల ఒకతె పాట విని, పాట నుండి నవలకు, నవల నుండి 1832 నాటి కలరాకు, అచటినుండి ఫ్రెంచి చరిత్రకు తానై నడచిపోవుచున్నచో ఆ పిల్లకు చరిత్ర నేర్పినది ఎవరు? గ్రాంటేర్ సంగతియే చూడుడు. నాటకము మాత్రమే చూచినవారికి అతడు త్రాగి వేళాకోళము చేయు మిత్రుడు. నవలలో అతడు పోరు జరిగినంతసేపు మత్తులో నిద్రించి, అంతయు ముగిసి తుపాకులు నిశ్శబ్దమైన క్షణమున మేల్కాంచును. ఏ ఆదర్శమును నమ్మనివాడు తాను నమ్మిన మిత్రుని ప్రక్కకు నడచి, కలసి చచ్చుటకు అనుమతి కోరును. ఆంజోల్రా చిరునవ్వుతో అతని చేయి పట్టుకొనును. ఆ పుట ఎక్కడ నున్నదో అభిమానులకు వెదకనక్కరలేదు. ఒక సాహిత్యఖండమును ఇంత నిశితముగా చదువువారిని వెఱ్ఱివారనుట అన్యాయము.

మా ఆక్షేపణ వేరొకటి. ఈ కన్నీరు ఎవరి కొరకు కారుచున్నదని మా ప్రశ్న.

1832లో బారికేడులపై పోరాడినవారిలో, పడినవారిలో అత్యధికులు విద్యార్థులు కారు. చేతిపనుల వారు, కూలీలు. నాటకమున మన కంటికి కనబడునది అందమైన కోటులు, ఎఱ్ఱని జెండా, కంచుకంఠముల యువకులు. ఇది హ్యూగో దోషము కాదు. ఆయన ఆ మిత్రబృందములో ఫెయ్యీ అను పనివానిని ఉంచినాడు. తల్లిదండ్రులు లేనివాడు, విసనకర్రలు చేసి కష్టముమీద దినమునకు మూడు ఫ్రాంకులు సంపాదించువాడు, చదువను వ్రాయను తనకు తానే నేర్చుకొన్నవాడు. ప్రక్కవారు ఫ్రాన్సును గూర్చి వాదించుచుండగా ముక్కలు చేయబడిన పోలండును గూర్చి కుమిలిపోవువాడు. మా దృష్టిలో ఆ బృందమున అతనికంటె గొప్పవాడు లేడు. అతనిని నెత్తిన పెట్టుకొన్న అభిమానులు లేకపోలేదు గాని, ఆంజోల్రా భక్తుల ముందు వారి సంఖ్య స్వల్పము. సౌందర్యము లేని కష్టమునకు అభిమానులు తక్కువ.

ఫాంతిన్‌ను చూడుడు. నవలలో ఆమె దినమునకు పదునేడు గంటలు కుట్టుపని చేయును. జైలు ఖైదీలచే చౌకగా పని చేయించు గుత్తేదారు ఒకడు ధరలు పడగొట్టగా ఆమె కూలి తొమ్మిది సూలకు దిగజారును. సూ అనగా ఫ్రాంకులో ఇరువదవ వంతు. బిడ్డ కొరకు జుట్టు పది ఫ్రాంకులకు, ముందరి పళ్ళు రెండు నలువది ఫ్రాంకులకు అమ్మును. ఇంత నిక్కచ్చిగా లెక్కలు వ్రాసిన నవలాకారుడు అరుదు. నాటకములో ఆమె పాట లోకప్రసిద్ధమైనది. 2012 చలనచిత్రములో ఆ పాత్ర ధరించిన ఆన్ హాథవేకు ఆస్కారు లభించినది. అయినను అభిమానుల సంవత్సరములో పెద్ద దినము బారికేడుది, ఫాంతిన్‌ది కాదు. పోరాడి చచ్చుటకు పండుగ ఉన్నది, పని చేసి చచ్చుటకు లేదు. మన చిత్రమునకు "బీదలపాట్లు" అని పేరు పెట్టినవారెవరో గాని వారు ఈ కథ ఎవరిదో ఎరిగినవారు.

ఇదియే చైతన్యమని మురియు పిన్నలకు రెండు సంగతులు గుర్తుచేయుదుము. ప్రజల గొంతును గూర్చిన ఆ నాటకపు సమూహగీతమును 2013లో ఇస్తాంబూలులో, 2019లో హాంకాంగులో పోలీసుల యెదుట నిలిచి పాడినారు. అమెరికాలో 2016 ఎన్నికల ప్రచారమున డొనాల్డ్ ట్రంప్ సభలోను అదే పాట మ్రోగినది. పాటకు పక్షము లేదు. పాడువారి నుండి అది వచ్చును. రెండవది ఇంకను చేదైనది. 2023 అక్టోబరు 4న లండనులో సరిగా ఆ గీతము సాగుచుండగా చమురు వాడకమును వ్యతిరేకించు ఆందోళనకారులు రంగస్థలము నెక్కినారు. నాటకము ఆగిపోయినది. ప్రేక్షకులలో పలువురు వారిని గేలి చేసి, దిగిపొమ్మని అరచినారు. ఆందోళనకారుల పద్ధతి సరియైనదని మేము వాదించుట లేదు. రొక్కమిచ్చి కూర్చున్నవాని కోపమునకు కారణ మున్నది. అయినను కాగితపు తిరుగుబాటునకు కన్నులు తుడుచుకొనుచున్న జనము నిజమైన ఆందోళన ఎదుట పడగానే పోలీసుల కొరకు చూచినదన్నది ఊరక మరచిపోదగిన దృశ్యము కాదు.

ప్రేక్షకులనే ఏల నిందింపవలె? 1848 జూన్‌లో పారిస్ కార్మికులు నిజముగా బారికేడులు కట్టినప్పుడు హ్యూగో శాసనసభ్యుడు. ఆయన ఆనాడు ప్రభుత్వ పక్షమున నిలిచి, తిరుగుబాటుదారులను లొంగదీయు పనిలో పాల్గొన్నాడు. పదునాలుగు సంవత్సరముల తరువాత వెలువడిన నవలలో 1832 బారికేడుకు మహిమ కట్టినాడు. అదే నవలలో 1848 బారికేడులను గూర్చియు వ్రాసినాడు. అది చదువునప్పుడు కలము ఎంత బరువుగా కదలినదో తెలియును. దూరమునున్న ఓటమిని ప్రేమించుట ఎదుటనున్న ఓటమిని ప్రేమించుట కంటె సులభమని ఆ మహారచయితకే అనుభవములోని సంగతి.

కావున అభిమానమును తగ్గించుకొనుడని మేము అనము. దానిని ఇంకొంచెము వెడల్పు చేయుడనియే అందుము. బారికేడు పుటలకు కంటతడి పెట్టువారు తొమ్మిది సూల పుటను కూడ అంత శ్రద్ధతో చదువవలెను. దినమునకు ఒక అధ్యాయము పారాయణము చేయు పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. మన విద్యార్థులు పది మంది కలసి ఆరంభించినను చాలును. ఇతరులు వ్రాసిన పాటకు చప్పట్లు కొట్టుటకంటె, మన పాతబస్తీలో గాజుల కొలుముల వద్ద కూర్చుండు పిల్లవానికి దినకూలి ఎంతో అడిగి తెలిసికొనుట హ్యూగో పద్ధతికి దగ్గర.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము. వార్షికోత్సవమున విద్యార్థులు ఇటువంటి నాటకమును తలపెట్టినచో, విప్లవమను మాట వినగానే కలవరపడి త్రోసిపుచ్చవలదు. ఇంతకంటె ముందు గ్రంథాలయమున ఈ నవల పూర్తి పాఠము కనీసము రెండు ప్రతులు ఉంచవలెను. సంక్షిప్త ప్రతులు వలదు. వానిలో ఖైదీ యుండును, పోలీసు యుండును, బారికేడు కూడ యుండును. విసనకర్రల పనివానికి మాత్రము చోటు దొరకుట అరుదు.